పనసపొట్టు కూర లేని ముగింపు

ఈ వేసవిలో సినిమాగా వచ్చిన ఆ పెద్ద నవల ఉంది చూశారూ, మాయమైపోయిన నదిని వెతుక్కుంటూ ఒక పడవ నడిపే పిల్ల కొండలెక్కి రాక్షసుడి దగ్గరికి వెళ్ళే కథ, దాని ముగింపు రాసింది నేనే.

ఇలా మొదలుపెట్టడం నాకు అలవాటు. కడియం నర్సరీల్లో నలభై ఏళ్ళు మొక్కలకి అంట్లు కట్టాను. ఎవరైనా అడిగితే పది లక్షల అంట్లు అంటాను. లెక్కపెట్టిందెవరు? తెలీదు అన్న మాట నా నోట్లోంచి రాదు. ఎవరైనా దారి అడిగితే, నాకు తెలియకపోయినా ఏదో ఒక దారి చెప్పి పంపిస్తాను. వాళ్ళు ఎక్కడో ఒకచోటికి చేరే ఉంటారు.

కాబట్టి సరిచేస్తున్నాను. రాయలేదు, చెప్పాను. అది కూడా ఒకే ఒక్క మనిషికి, ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి మంచం పక్కన, వేరే దారి లేక.

మా పెళ్ళయిన రెండో ఏడు మా ఆవిడకి తొలి కాన్పు. బిడ్డ దక్కలేదు. వెనకాలే జ్వరం పట్టుకుంది. రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చాం. కిటికీ పక్క మంచమనీ, అందులోంచి గోదావరి కనపడుతుందనీ మా వీధిలో చెప్పుకున్నాను గానీ, కనపడింది సైకిళ్ళ స్టాండు. ఆమె అదీ చూడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. పది రోజులు. మాట లేదు. జావ కలిపి పట్టుకెళ్తే నోరు తెరవదు.

అక్కడి నర్సమ్మగారు, ఆదివారం తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళే పెద్దావిడ, నన్ను వరండాలోకి పిలిచింది.

"చూడండి బాబూ, మందు మేం ఎక్కిస్తాం. మెతుకు మాత్రం ఆవిడే మింగాలి. గోడకేసి తిరిగిపోయిన మనిషిని ఇటు తిప్పడం మా చదువులో లేదండి. మీరే ఏదో ఒకటి చెయ్యండి. తొందరగా చెయ్యండి."

నాకు చేతనైంది ఒక్కటే, వాగడం. ఆ పది రోజుల్లో అది కూడా ఎండిపోయింది. ఆసుపత్రి ఎదురు సందులో అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు ఉంటే వెళ్ళి, ఉన్నవాటిలో లావుపాటిది ఇమ్మన్నాను. అలా చేతికొచ్చిందీ నవల. అప్పటికే పాతది, పేరు మోసినది. అట్ట ఊడిపోతే దబ్బనంతో కుట్టారు.

పేజీకి ఒక చెంచా. అదీ ఒప్పందం. ఆమె ఒప్పుకుందని కాదు. పేజీ చివర మంచి పట్టులో ఆపేసి, జావ చెంచా ఆమె పెదవి దగ్గర పెట్టేవాణ్ణి. మొదటి రోజు ముట్టలేదు. రెండో రోజు ఒంటికన్ను మొసలి పడవ కింద దూరి వీపు పైకెత్తుతుండగా ఆపాను. చాలాసేపటికి, గోడవైపు తిరిగే, కాస్త నోరు తెరిచింది. ఒక చెంచా దిగింది. వరండాలోకి వెళ్ళి ఏడ్చి వచ్చి తర్వాతి పేజీ ఎత్తుకున్నాను. నవల్లో మొసలికి రెండు కళ్ళూ ఉన్నాయి. ఒక కన్ను తీసేసింది నేనే.

ఎనిమిది రోజులు అలా నడిచాక కథ చివరికొచ్చింది. రాక్షసుడు నదినంతా ఒక కుండలో దాచేశాడు. కింద ఊళ్ళో పిల్ల తల్లి గొంతు తడారి పడి ఉంది. పిల్ల తెడ్డు భుజాన వేసుకుని రాక్షసుడి ఎదుట నిలబడింది. "ఆమె తెడ్డు కింద పెట్టి," అని ఉంది పేజీ అడుగున. పక్కన కామా. తిప్పితే అట్ట.

ఎవరో చివరి పేజీలు చింపుకుపోయారు.

ఆమె వీపు నాకేసి ఉంది. ఊపిరి బిగబట్టి వింటోందని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది. నా ఎడమ చేతిలో చెంచా. "పేజీలు లేవే" అనబోయాను. అనలేదు. వేలు నాలుకకి తాకించి తడి చేసుకుని, లేని పేజీ తిప్పాను.

అంటు కట్టేవాడికి ఇందులో కొత్తేముంది? వేరు ఒక చెట్టుది, కొమ్మ ఇంకో చెట్టుది. కోసిన చోట అదిమిపట్టి గాలి చొరబడకుండా కట్టాలి. అతుకు కనపడకుండా పోవడానికి కాలమే పడుతుంది.

తెడ్డు కింద పెట్టి, పిల్ల రాక్షసుణ్ణి అడిగింది: "పుట్టిన దగ్గర్నించీ ఈ ఒడ్డునే ఉన్నావే, అవతలి ఒడ్డు ఎప్పుడైనా చూశావా?" వాడు చూడలేదు. అంత లావు మనిషిని పడవలో ఎవరెక్కించుకుంటారు? "నేను దాటిస్తాను, ఎక్కు" అంది. పడవ కదలాలంటే నీళ్ళు కావాలిగా. వాడు కుండ వంచాడు. ఒలికిన నది మళ్ళీ కుండలోకి వెళుతుందా? వాణ్ణి అవతల దింపేసి, నీళ్ళతో పాటే పిల్ల ఇంటికొచ్చేసింది. తల్లి లేచి కూర్చుని, "ఇంత ఆలస్యమైందేంటే, అన్నం తిందువుగాని రా" అంది.

ఏం కూర వండిందో చెప్పకపోతే అన్నం ఎలా తింటుంది? నేను పొద్దుట్నించీ ఏమీ తినలేదు. పనసపొట్టు కూర అన్నాను.

గోడవైపు నుంచి ఒక మాట వచ్చింది. పద్దెనిమిది రోజుల తర్వాత మొదటి మాట.

"ఆవ పెట్టిందా?"

"పెట్టకపోతే అది పనసపొట్టు కూర ఎలా అవుద్దే? ఘాటుకి పిల్ల కళ్ళంట నీళ్ళు కారాయని రాశాడిక్కడ."

ఇటు తిరిగింది.

ఆ తర్వాత ఆ ముగింపు నా చేతుల్లో లేదు. మా ఆవిడ దాన్ని ఊరంతా పంచింది. తర్వాత పుట్టిన మా అమ్మాయిని ఆ కథ చెప్పే పెంచింది. నర్సరీలో మొక్కల సంచులకి మట్టి నింపే ఆడవాళ్ళందరికీ అది వచ్చు. "ఆ రాసినాయన మన గోదావరి మనిషే అయ్యుంటారండీ. లేకపోతే పనసపొట్టులో ఆవ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?" అనేది. అవునే అనేవాణ్ణి. ఆమె అక్షరాలు కూడబలుక్కుని తెలుగు చదవగలదు, అయినా ఆ పుస్తకం మళ్ళీ కావాలని ఎప్పుడూ అడగలేదు. అసలు ముగింపేమిటో తెలుసుకోవడానికి నాకూ ధైర్యం చాలలేదు.

ఈ వేసవి మొదట్లో ఆమెకి కడుపులో నొప్పి మొదలైంది. ఏవో పరీక్షలు చేశారు. ముక్క తీసి పంపారు. రాజమండ్రిలో పెద్ద డాక్టరుగారు నన్ను ఒక్కణ్ణే కూర్చోబెట్టి చెప్పారు. క్యాన్సరు. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు. ఈ వయసులో బల్ల మీదే పోయే ప్రమాదమూ ఉంది. చెయ్యకపోతే మాత్రం కొద్ది నెలలే. "ఒప్పుకోవలసింది ఆవిడండి. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారానికల్లా ఏ సంగతీ చెప్పండి. అంతకంటే ఆలస్యమైతే నేనే చెయ్యనంటాను."

ఆయన విప్పి చెప్పి చేతికిచ్చిన రిపోర్టు ఒకే ఒక్క కాగితం, ఇంగ్లీషులో. ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే ఎదురైంది.

"ఏం రాశారండీ?"

కళ్ళజోడు పెట్టుకుని, వేలు తడి చేసుకుని, కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "అల్సరంట" అన్నాను. "మాత్రలు మింగితే తగ్గిపోద్దంట. కారం తగ్గించమన్నారు."

"అంతేనా?"

"అంతే."

నాకు భయం చావంటే కాదు, గోడంటే. చెప్పిన క్షణాన మళ్ళీ అటు తిరిగిపోతుంది. ఈసారి నా దగ్గర పుస్తకం లేదు. ఆ కాగితాన్ని ఆమెకి దొరక్కుండా చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగాను. చెమటకి తడిసి మడతలు నలిగాయి.

మా అమ్మాయి సామర్లకోటలో టీచరు. కాగితం ఫొటో తనకి ముందే పంపాను. రోజూ ఫోను.

"నాన్నా, చెప్పావా?"

"చెప్పబోతున్నానమ్మా. నోటిదాకా వచ్చింది."

"తొమ్మిది రోజుల్నించీ నోటిదాకానే వస్తోంది. ఊళ్ళోవాళ్ళకి లేనివన్నీ చెప్తావు, అమ్మకి ఉన్నది చెప్పలేవా? ఆదివారం నేనొస్తున్నాను. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేస్తాను."

సరిగ్గా ఆ వారమే సినిమా విడుదలైంది. పేపర్లో బొమ్మ చూసి మా ఆవిడ పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. నిజానికి నడిచే వచ్చింది, కడుపు పట్టుకుని. "ఏమండీ, మన పడవపిల్ల! చచ్చేలోగా ఇది చూడాలండీ" అంది. మాటవరసకే అంది. నా చేతిలో అంటు కట్టే కత్తి జారి కాలి పక్కన పడింది.

అప్పుడొక ఉపాయం తోచింది. శనివారం సినిమాకి తీసుకెళ్తాను. ఇన్నేళ్ళూ వినీ వినీ అది నేను కట్టిన అంటన్న సంగతే మరిచిపోయి, ఆ ముగింపు చూసి, కూర చూసి, సంతోషంగా ఉంటుంది కదా అనుకున్నాను. తిరుగు దారిలో చెప్పేస్తాను. మా అమ్మాయి ఫోన్లోనే టికెట్లు తీసేసింది. ఇన్ని రోజుల తర్వాత ఆ పూట కంటినిండా నిద్రపోయాను.

శుక్రవారం సాయంత్రం, పొద్దుటి ఆట భార్యతో చూసొచ్చిన మా వీధి ఆటో అతను కనపడ్డాడు.

"ఎలా ఉందోయ్?"

"ఆయ్, ఏం తీశాడండి బాబుగారూ! ఆఖర్న ఆ పిల్ల నదిలో కలిసిపోద్దండి. తనే నదైపోద్దండి. తల్లి ఒడ్డున కూర్చుని ఆ నీళ్ళే తాగుద్దండి. హాలు హాలంతా ముక్కులు చీదుకోవడమే. మా ఆవిడ పొద్దుట్నించీ అన్నం ముట్టలేదంటే నమ్మండి."

నమ్మకేం? అన్నం ముట్టకపోవడం నాకు తెలుసు.

శనివారం పొద్దున్నుంచీ ఆ సినిమా తప్పించడానికి ఎన్ని చెప్పానో. హాల్లో ఏసీ పాడైందన్నాను. సినిమా ఏం బాగాలేదంటున్నారన్నాను. చివరికి మోకాలు పట్టేసిందన్నాను.

"మీ మోకాలికి సినిమాతో పనేంటండీ? కూర్చునేగా చూసేది" అని చీర మార్చుకుంది.

మధ్యాహ్నం ఆట. కళ్ళజోడు మీద వాళ్ళిచ్చిన త్రీడీ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. తెర మీద కొండలు లేచాయి, సైన్యాలు వచ్చాయి, నది గోడలా నిలబడి నడిచింది. నేను తెర చూడలేదు, ఆమెనే చూశాను. మొసలి రాగానే నా మోచెయ్యి గిల్లింది.

"దీనికి రెండు కళ్ళున్నాయేంటండీ?"

"సినిమావాళ్ళు కదే. ఒకటి ఎక్కువే పెడతారు."

"పెద్దమ్మగారూ, కొంచెం నెమ్మదండి" అన్నారు వెనక వరసలోంచి.

పిల్ల రాక్షసుడి ఎదుట నిలబడింది. తెడ్డు కింద పెట్టింది. మా ఆవిడ ముందుకు వంగింది. "ఇప్పుడు అడుగుద్ది చూడండి, అవతలి ఒడ్డు చూశావా అని." పిల్ల ఏమీ అడగలేదు. నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు, నడుము, మెడ, ఆ తర్వాత జడ ఒక్కటే నీటి మీద తేలి, అదీ నీరైపోయింది. పేర్లు పడ్డాయి. జనం లేచారు.

"పదవే" అన్నాను.

"కూర్చోండి. ఇంకా ఉంది."

పేర్లన్నీ అయిపోయాయి. దీపాలు వెలిగాయి. చీపురు పట్టుకుని ఒకతను వచ్చాడు.

"అయిపోయిందమ్మా."

"అవలేదు బాబూ. ఇంటికి రావాలి కదా. పనసపొట్టు కూర రాలేదు."

అతను నాకేసి చూశాడు. ఎంతమంది చూసినా నవ్వేసే మనిషిని, ఆ చీపురు మనిషి చూపుకి మాత్రం తల దించుకున్నాను.

హాలు బయట చెట్టు నీడన బల్ల వేసి, సినిమా బొమ్మ అట్ట మీద వేసిన ఆ నవలే అమ్ముతున్నారు. "సినిమావాళ్ళు మార్చేశారే" అని నేనంటూనే ఉన్నాను, ఆమె ఒక ప్రతి తీసుకుని వెనకనుంచి తెరిచింది. ఎండలోకి జరిగి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"ఆమె... తెడ్డు... కింద పెట్టి... నీటిలోకి... నడిచింది." మళ్ళీ మొదట్నుంచి చదివింది. పేజీ తిప్పి చూసింది. పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"కూర లేదండీ."

"ఆ రోజు పేజీలు లేవే" అన్నాను. "ఎవరో చింపేశారు. అక్కడితో ఆపేస్తే నువ్వు మళ్ళీ జావ తాగవని..."

"అంటే అదంతా మీరే?"

"నేనే."

"ఆవ కూడానా?"

"ఆవ నువ్వే పెట్టావు. నేను ఊఁ అన్నానంతే."

ఆటో ఎక్కాం. కాలవ గట్టు వెంబడి పోతున్నాం. పక్కన నర్సరీలు, లారీలకి మొక్కలు ఎక్కిస్తున్నారు. ఆమె అటే చూస్తోంది. నా వైపు లేదు ఆ మొహం. అయిపోయింది, అటు తిరిగిపోయింది, నేనే నా చేత్తో తిప్పాను అనుకున్నాను.

"లేని పేజీ ఎలా తిప్పారండీ?" అంది అటే చూస్తూ. "నాకు వినపడింది. వేలు తడి చేసుకున్న చప్పుడు."

"గాల్లో తిప్పాను."

కొంత దూరం పోయాం.

"మొన్న ఆసుపత్రి కాగితం చదివేటప్పుడు కూడా వేలు తడి చేసుకున్నారు. అది ఒకటే కాగితం. తిప్పడానికేముందండీ అందులో?"



"బాబూ, పక్కకి ఆపు" అంది ఆటో అతనితో. అతను ఆపి, మా మొహాలు చూసి, దిగి కాలవ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె నా చొక్కా జేబు వైపు చెయ్యి చాపింది. ఎప్పట్నించి తెలుసో జేబులో ఉందని. "ఉన్నదున్నట్టు చదవండి."

చదివాను. ఒక్కో ఇంగ్లీషు మాటకీ తెలుగు చెప్పాను. డాక్టరుగారన్నవి కూడా చెప్పాను, బల్ల మీద పోవచ్చన్న మాటతో సహా. రెండుచోట్ల ఆగి, మళ్ళీ చదివాను.

"పన్నెండు రోజులు," అంది. "పన్నెండు రోజులు అల్సరు మాత్రలు మింగించారు. ఆ రోజు కథ చెప్పారంటే, అది పుస్తకమండీ. ఇది నా కడుపు. నా కడుపు గురించి నాకే కథ చెప్తారా?"

"మళ్ళీ గోడవైపు తిరిగిపోతావని భయమేసిందే."

"తిరిగితే తిరుగుతాను. ఆ తిరిగేదేదో నన్ను తిరగనివ్వరా?"

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లారీ మీద మొక్కలు సర్దే ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఊళ్ళోవాళ్ళే. ఆ సాయంత్రానికి మేం దెబ్బలాడుకున్నామని కడియమంతా తెలిసింది. ఒక్కసారికి నేను పెంచకుండానే ఒక సంగతి పెరిగింది.

ఆదివారం మా అమ్మాయి వచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో ఆవ నూరుతోంది. "నీకు చెప్పక్కర్లేదులే, మీ నాన్న చదివి వినిపించారు" అంది. ఆ మాటలో ఉన్న కారం కూరలో కూడా లేదు. సోమవారం మా అమ్మాయీ మాతో ఆసుపత్రికి వచ్చింది. మా ఆవిడ మా ఇద్దర్నీ మాట్లాడనివ్వలేదు.

"కోస్తే బతుకుతానా డాక్టరుగారూ?"

"కోసి చూస్తే గానీ తెలీదమ్మా."

"అయితే కొయ్యండి" అంది. బయటికొచ్చాక నాతో అంది, "మంచి డాక్టరుగారండీ. తెలీదన్నారు."

ఇది రాస్తున్నది ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, ఆపరేషన్ గది ఎదురుగా బల్ల మీద కూర్చుని. లోపలికి తీసుకెళ్ళి ఆరు గంటలైంది. కాదు, గోడ గడియారం చూశాను, మూడున్నర గంటలే. మా అమ్మాయి కిందికెళ్ళింది మందులకి. తోసుకెళ్ళేటప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బయటికొచ్చాక నేను అడుగుతాను. లోపల ఏం దొరికితే అది చెప్పండి. పేజీ లేకపోతే లేదని చెప్పండి. వేలు తడి చేసుకున్నారంటే ఊరుకోను" అంది. తలుపు మూసేదాకా ఇటే చూస్తూ వెళ్ళింది.

ఇందాకే తలుపు కాస్త తెరుచుకుంది. ఒక నర్సు పరుగులాంటి నడకతో వెళ్ళి, సంచీలో రక్తం పట్టుకుని తిరిగొచ్చింది. ఎవరికోసమో చెప్పలేదు. లోపల ఆపరేషన్ బల్లలు రెండో మూడో ఉంటాయట.

నా పక్కన కూర్చున్న పెద్దమనిషిది పట్టిసీమ. ఆయన తమ్ముడు కూడా లోపలే ఉన్నాడు.

"మీవాళ్ళకి ఎలా ఉందంటండీ?" అని అడిగాడు.

నోరు తెరిచాను. మంచి కథే వచ్చింది నోటిదాకా. బాగానే ఉందంట, అప్పుడే ఆకలేస్తోందని అడిగిందంట, సాయంత్రానికి జావ ఇవ్వమన్నారంట. వేలు పెదవి దాకా వెళ్ళింది. దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.

"తెలీదండి" అన్నాను.